మస్కీ చేపకు తొమ్మిది అడుగుల రాడ్: కొన్ని సీజన్ల వాడకం తరువాత

మిన్నెసోటా, విస్కాన్సిన్ సరస్సుల్లో మస్కీ కోసం గాలం విసిరేవారు ఒకప్పుడు ఆరున్నర, ఏడు అడుగుల రాడ్లతోనే సరిపెట్టుకునేవారు. ఇప్పుడు దుకాణంలో అడుగుపెడితే ఎనిమిదిన్నర, తొమ్మిది, పది అడుగులవే ముందు వరుసలో నిలబడి ఉంటాయి. నేను ఏడున్నర అడుగుల రాడ్ నుంచి తొమ్మిది అడుగులదానికి మారి కొన్ని సీజన్లు గడిచాయి. మినియాపొలిస్ పరిసరాల్లో చేపల వేట సరదా ఉన్న మనవాళ్లు పొడుగు రాడ్ కొనాలా వద్దా అని తరచు అడుగుతున్నారు కనుక, నా అనుభవం వివరంగా రాస్తున్నాను. కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు. ఒకే పొడవు, ఒకే బలం ఉన్న రెండు కంపెనీల రాడ్లను పక్కపక్కన పెట్టి వాడినా తెలిసే తేడా, ఏడున్నర అడుగులకూ తొమ్మిది అడుగులకూ ఉన్న తేడా ముందు చాలా స్వల్పం.

కొత్తవారి కోసం రెండు మాటలు. మస్కీ పైక్ కుటుంబంలో అన్నిటికన్నా పెద్ద చేప. మిన్నెసోటాలో చాలా సరస్సుల్లో 54 అంగుళాలకు తక్కువ ఉన్న మస్కీని ఇంటికి తీసుకువెళ్లడానికి చట్టం ఒప్పుకోదు. అంతకన్నా పెద్దది దొరికినా దాదాపు అందరూ ఫోటో తీసుకుని వదిలేస్తారు. దాని కోసం వాడే కృత్రిమ ఎరలు, అంటే లూర్లు, మామూలు గాలపు సామానుతో పోల్చదగినవి కావు. డబుల్ కౌగర్ల్ వంటి బక్‌టెయిల్‌కు, అంటే తోకలా కుచ్చు ఉన్న లూర్‌కు, పదో నంబరు ఇత్తడి రేకులు రెండు ఉంటాయి. బుల్‌డాగ్ రబ్బరు లూర్లలో పౌండర్ అనేది పేరుకు తగినట్టే దాదాపు ఒక పౌండు తూగుతుంది. వీటిని పొద్దున్నుంచి సాయంత్రం దాకా విసిరి లాగడమే మస్కీ వేట. చేప తగిలే సందర్భాలు బహు తక్కువ కాబట్టి, మన శరీరానికీ రాడ్‌కూ పొత్తు కుదరకపోతే మధ్యాహ్నానికే ఆసక్తి పోతుంది.

పొడుగు రాడ్ అమ్మేవారు మొట్టమొదట చెప్పేది దూరం గురించి. ఆ మాటలో అబద్ధం లేదు. చేయి తిప్పే వేగం మారకపోయినా తొమ్మిది అడుగుల రాడ్ కొన, ఏడు అడుగులదాని కొన కన్నా పావు వంతుకు పైగా ఎక్కువ వేగంతో కదులుతుంది కాబట్టి లూర్ ఇంకొంచెం దూరం పోతుంది. అయితే నాకు ఉపయోగపడింది ఆ దూరం కాదు. మునుపటి దూరానికే లూర్‌ను పంపడానికి ఇప్పుడు తక్కువ విసురు చాలుతోంది. ఏడున్నర అడుగులదానితో బరువైన రబ్బరు లూర్ విసిరినప్పుడు భుజం మీద ఒక్కసారిగా పడే కుదుపు, పొడుగు రాడ్‌తో రెండు చేతులా పట్టుకుని నెమ్మదిగా పెద్ద వంపు తిప్పి వదిలినప్పుడు ఉండదు. లూర్‌ను వెనక్కి తీసుకువెళ్లి, దాని బరువు కొనను వంచేదాకా ఒక్క క్షణం ఆగి, ఆ తరువాత ముందుకు తిప్పితే పని అంతా రాడే చేస్తుంది. కొరడా ఝళిపించినట్టు విసిరే అలవాటు ఉన్నవారు దాన్ని మానుకోవాలి. లేకపోతే రీల్‌లో లైన్, అంటే గాలపు దారం, చిక్కుపడడమే కాక, ఆ కుదుపుకు లైన్ తెగి ఖరీదైన లూర్ ఒంటరిగా ఎగిరిపోతుంది.

నా దృష్టిలో పొడుగు రాడ్‌కు పెట్టే డబ్బంతా పడవ పక్కనే తిరిగి వస్తుంది. మస్కీ చాలాసార్లు లూర్‌ను కరవకుండా దాని వెనుకే పడవ దాకా వస్తుంది. అప్పుడు లైన్ ఒక అడుగో అడుగున్నరో మిగిల్చి, రాడ్ కొనను నీటిలో ముంచి, లూర్‌ను ఎనిమిది అంకె ఆకారంలో తిప్పుతూ ఉండాలి. ఇక్కడే పొడవు పని చేస్తుంది. నాలుగు అడుగుల పొడవున్న చేప చిన్న మలుపు తిరగలేదు. లూర్ చటుక్కున తిరిగితే అది దారి తప్పి, ఎదురుగా పడవనూ మనిషినీ చూసి లోతుకు దిగిపోతుంది. పొట్టి రాడ్‌తో పెద్ద మలుపు తిప్పాలంటే పడవ అంచు మీదుగా నడుము వంచి ముందుకు వాలాలి. తొమ్మిది అడుగులదానితో నిటారుగా నిలబడే వెడల్పాటి వలయం గీయవచ్చు, పైగా కొనను మరింత లోతుకు దించవచ్చు. పడవ అంచు ఎత్తుగా ఉన్నప్పుడు ఈ లోతు చాలా ముఖ్యం, ఎందుకంటే రాడ్‌లో కొంత భాగం నీటిని చేరడానికే ఖర్చయిపోతుంది.

మిల్ లాక్స్ సరస్సులో ఒక రాతి దిబ్బ మీద జరిగింది చెబుతాను. అక్టోబరు సాయంత్రం, గాలి పడమటి నుంచి వీస్తోంది. రేకుల వెనుక రెండు అడుగుల దూరంలో ఒక గోధుమరంగు వీపు కనిపించింది. మొదటి మలుపులో అది లూర్‌ను దాటి బయటికి పోయింది. రెండో మలుపులో మళ్లీ వెనుకకు చేరింది, కానీ నోరు తెరవలేదు. మూడోసారి మలుపును ఇంకా వెడల్పు చేసి, లూర్‌ను లోపలి నుంచి బయటికి తెస్తూ కొంచెం పైకి లేపి వేగం పెంచగానే, మొప్పలు విచ్చుకోవడమూ రాడ్ మధ్యదాకా వంగడమూ ఒకేసారి జరిగాయి. ఆ మూడో మలుపు అంత వెడల్పుగా తిప్పే అవకాశం పాత రాడ్‌తో ఉండేది కాదు. చేప కనబడకపోయినా ప్రతి విసురు చివరా కనీసం రెండు మలుపులు తిప్పడం మంచిది. చీకటి పడ్డాక వెనుక వచ్చేది ఎలాగూ కనబడదు.

మిన్నెటోంకా సరస్సులో మరో లాభం గమనించాను. అక్కడ 1987లో తొలిసారి కనిపించిన యురేషియన్ వాటర్‌మిల్‌ఫాయిల్ అనే నాచు మొక్క వేసవి నడిమికి నీటి పైదాకా పెరుగుతుంది. కొనను ఎత్తి పట్టుకుంటే లూర్ ఆ మొక్కల తలల మీదుగా, వాటిని తాకీ తాకకుండా వస్తుంది. పొట్టి రాడ్‌తో ఇదే పని చేయాలంటే రీల్‌ను మరీ వేగంగా తిప్పాల్సి వచ్చేది.

ఇక ఇబ్బందుల సంగతి. పొడవు పెరిగితే మీటలో మన పక్షాన ఉన్న బలం తగ్గుతుంది. రెండు పెద్ద రేకులు నీటిలో తిరుగుతుంటే పుట్టే లాగుడు, తొమ్మిది అడుగుల దూరం నుంచి మణికట్టు మీద పడుతుంది. ఆ అదురు మొదటి గంటలో బాగానే ఉంటుంది, మూడో గంటకు మోచేతి కింద నరం గుర్తుచేస్తుంది. దీనికి నేను చేసిన సర్దుబాటు రీల్‌లో ఉంది. పెద్ద రేకుల బక్‌టెయిళ్లకు పళ్ల నిష్పత్తి 5:1 దగ్గర ఉన్న, అంటే పిడి ఒక చుట్టు తిరిగితే లైన్ చుట్టుకునే చక్రం అయిదు చుట్లు తిరిగే, నెమ్మది రీల్ వాడుతున్నాను, వేగం కావలసిన లూర్లకు వేరే రీల్ ఉంది. 400 సైజు రీల్ కాస్త బరువైనదే అయినా ఆ బరువు చేతి దగ్గర ఉండడం వల్ల కొన వైపు తూగు తగ్గుతుంది. దుకాణంలో రీల్ లేకుండా రాడ్‌ను ఊపి చూసి తేలికగా ఉందని సంతోషపడడం వల్ల ప్రయోజనం లేదు. మీ రీల్‌ను వెంట తీసుకువెళ్లి, బిగించి, చేయి చాచి రెండు నిమిషాలు పట్టుకుని చూడండి.

అంతకంటే తక్కువ మంది పట్టించుకునేది వెనుక పిడి పొడవు. రెండు చేతులా విసరడానికి అది పొడుగ్గానే ఉండాలి, అయితే కంపెనీలు ఆరడుగుల మనిషిని దృష్టిలో పెట్టుకుని చేసినట్టు కొన్ని పిడులు మరీ సాగి ఉంటాయి. నా ఎత్తు అయిదడుగుల ఆరు అంగుళాలు. లైఫ్ జాకెట్ వేసుకుని ఎనిమిది అంకె తిప్పుతుంటే, పొడుగు పిడి చివర జాకెట్ జేబుకు తగులుకుని మలుపు మధ్యలో రాడ్‌ను ఆపేస్తుంది. అది కూడా సరిగ్గా చేప వెంటపడిన సమయంలోనే. రీల్ పట్టుకున్న చేయిని మడిచి, పిడిని ముంజేతి కింద ఆనించినప్పుడు దాని చివర మోచేతిని మూడు నాలుగు అంగుళాలు దాటితే చాలు. మనవాళ్లలో చాలామంది ఎత్తుకు ఈ కొలత, రాడ్ మొత్తం పొడవు కన్నా ముఖ్యమని నా అభిప్రాయం.

అన్ని లూర్లకూ ఈ రాడ్ పనికిరాదు. విస్కాన్సిన్‌లోని యాంటిగోలో పుట్టిన సూయిక్ వంటి చెక్క జెర్క్‌బెయిట్లను కిందికి కుదిపి కుదిపి ఆడించాలి. తొమ్మిది అడుగుల రాడ్‌ను కిందికి కుదిపితే కొన నీళ్లకో పడవ అంచుకో కొట్టుకుంటుంది. అందుకే పాత ఏడున్నర అడుగులదాన్ని అమ్మలేదు, ఇప్పటికీ ఆ పనికి అదే తీస్తాను. పౌండర్ బరువు లూర్లకు మరో రకం ఆలోచన అవసరం. రాడ్ మీద ముద్రించిన లూర్ బరువు (ఔన్సుల) పరిధిలో పై అంకె, సాఫీగా తిప్పి విసిరినప్పటి మాట. రోజంతా విసిరే లూర్ బరువు ఆ పరిధి నడిమికి దగ్గరగా ఉండేలా ఎంచుకోవాలి. మధ్యస్థమైన లూర్లకు ఎక్స్‌ట్రా హెవీ అని రాసి ఉండే బలమైన రాడ్ బాగుంటుంది. ఒక పౌండు రబ్బరును తరచుగా విసిరేవారు దానికన్నా ఒక మెట్టు బలమైనది చూసుకోవాలి, లేదా ఆ లూర్‌ను అరుదుగా మాత్రమే తీయాలి.

రవాణా పెద్ద తలనొప్పి. చాలా పడవల్లోని రాడ్ పెట్టెల్లో ఎనిమిది అడుగులకు మించినది పట్టదు. ఒకే ముక్కగా ఉన్న తొమ్మిది అడుగులది సెడాన్ కారులో ముందు అద్దం నుంచి వెనుక డిక్కీ దాకా ఏటవాలుగా పెట్టినా ఇబ్బందే, ఇంటికి తెప్పించుకుంటే రవాణా ఖర్చు విడిగా పడుతుంది. అందువల్ల ఇప్పుడు చాలావరకు పిడిలోకి జారి పొట్టిగా మారే రకాలు వస్తున్నాయి. నాదీ అదే రకం. ఈ అతుకు దగ్గర బలం తగ్గుతుందేమోనన్న అనుమానం మొదట్లో ఉండేది కానీ, వాడకంలో అలాంటిది కనిపించలేదు. కనిపించింది మరో లోపం. పొద్దంతా విసిరితే అతుకు రవంత తిరిగి, లైన్ వెళ్లే రింగులు రీల్‌తో ఒకే వరుసలో లేకుండా పోతాయి. గంటకోసారి ఒక కన్ను మూసి రింగుల వరుస చూసుకోవడం అలవాటైంది. లోపల ఇసుక చేరితే బిగుసుకుపోతుంది కాబట్టి తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టాలి, నూనె మాత్రం రాయకూడదు. సీజన్ చివర నవంబరులో తేలే మరో సమస్య, రింగుల్లో నీరు గడ్డకట్టడం. పొట్టి రాడ్ కొనను చేతికి అందుకుని మంచును గిల్లేయవచ్చు. దీని కొన అందదు, ప్రతిసారీ రాడ్‌ను పడవలో పడుకోబెట్టాలి.

ఒంటరిగా వెళ్లేవారు చేపను వలలోకి తెచ్చే ఘట్టం గురించి ముందే ఆలోచించుకోవాలి. చేప రాడ్ పొడవంత దూరంలో ఆగిపోతుంది, వల మాత్రం చేతికి అందినంత మేరకే వెళ్తుంది. నేను లైన్‌ను రాడ్ పొడవు కన్నా కాస్త తక్కువ మిగిల్చి, పడవ అవతలి అంచుకు వెనకడుగు వేస్తూ, రాడ్‌ను పక్కకు వాల్చి చేపను దగ్గరకు రప్పిస్తాను. రాడ్‌ను నిటారుగా తల మీదికి ఎత్తి లాగితే వంపంతా కొన దగ్గరే పడి విరిగే ప్రమాదం ఉంది, అలా విరిగితే వారంటీ వర్తించదని చెప్పే కంపెనీలు కూడా ఉన్నాయి. చేప వలలో పడ్డాక నీటిలోనే ఉంచి, పొడుగు పట్టకారుతో గాలం తీయాలి. రాకపోతే బోల్ట్ కటర్‌తో గాలం కత్తిరించేయడం చేపకూ మన వేళ్లకూ మంచిది.

పది అడుగులది ఒక మిత్రుడిది అడిగి తీసుకుని వాడి చూశాను. ఎనిమిది అంకె ఇంకా వెడల్పుగా తిరిగిన మాట నిజమే, కానీ ఆ ఒక్క అడుగు కోసం మణికట్టు మీద పడే భారం, ఒంటరిగా వల వేసేటప్పుడు పడే అవస్థ నాకు ఎక్కువనిపించాయి. ఎత్తయిన పడవ, వల పట్టడానికి తోడు ఉన్నవారికి అది సరిపోవచ్చు. మొదటిసారి పొట్టి రాడ్ నుంచి మారేవారు, ముఖ్యంగా అయిదున్నర అడుగుల ఎత్తువారు, ఎనిమిదిన్నర అడుగులది ముందు చేతికి తీసుకుని చూడాలి. ఈ రోజు నేను కొత్తగా కొనవలసి వస్తే తొమ్మిదే కొంటాను, కానీ వెనుక పిడి రెండు అంగుళాలు పొట్టిగా ఉన్నది వెతికి మరీ కొంటాను.