పాద్రోన్ 2000 మదురో: పక్కన ఏం పోసుకోవాలి?

ముందే చెప్పేస్తాను. మదురో అంటే ముదురు రంగు పై ఆకు. ఆ ఆకు చుట్టిన ఈ సిగార్‌కి నా మొదటి ఓటు ఫిల్టర్ కాఫీ డికాక్షన్‌కే. రమ్ము రెండోది. పొగవాసన ఉన్న విస్కీ దీని పక్కన అసలు వద్దు.

2000 అంటే 5 అంగుళాల పొడవు, 50 రింగ్ గేజ్. రింగ్ గేజ్‌ని అంగుళంలో 64వ వంతుల్లో లెక్కిస్తారు కాబట్టి మందం దాదాపు 20 మిల్లీమీటర్లు. ఆకంతా నికరాగ్వాదే, కనీసం రెండున్నరేళ్లు మాగబెట్టినది. పాద్రోన్ కంపెనీయే 1994లో తెచ్చిన 1964 యానివర్సరీ సిగార్‌లో నాలుగేళ్లు మాగిన ఆకు ఉంటుంది. అది ఇంకా నునుపు, ధర కూడా ఆ మేరకే. 2000 చూడ్డానికి మోటుగా, ఈనెలు తేలి ఉంటుంది కానీ రుచిలో పెట్టిన డబ్బుకు న్యాయం చేస్తుంది. గోదావరి లంక పొగాకు చుట్ట ఘాటుకు అలవాటుపడ్డ నోటికి మొదట చప్పగా అనిపించవచ్చు. పావుగంట ఆగండి.

మన ఊళ్లలో సగం సమస్యలు నిల్వ దగ్గరే వస్తాయి. మదురో ఆకు మందం, నూనె ఎక్కువ. 69 శాతం తేమలో ఉంచితే తరచూ ఆరిపోతుంది, ఒకవైపే కాలుతుంది. గాలి చొరని డబ్బాలో తేమను 65 శాతం దగ్గర నిలిపే బొవేడా ప్యాకెట్ వేస్తే చాలు, ఖరీదైన హ్యూమిడార్ (సిగార్లు దాచే తేమ పెట్టె) అక్కర్లేదు. వేసవిలో మాత్రం డబ్బా 24 డిగ్రీలు దాటని చోట ఉండాలి. వేడి పెరిగితే ఆకులోని పొగాకు పురుగు గుడ్లు పొదిగి, సిగార్ నిండా సూదిమొన బెజ్జాలు పడతాయి. ఏసీ గాలికి విప్పి వదిలేస్తే పై ఆకు పగులుతుంది.

కోసేటప్పుడు టోపీ, అంటే నోట్లో పెట్టుకునే మూసిన కొన, మీద 2 మిల్లీమీటర్లు మించొద్దు. భుజం వంపు దాటి కోస్తే పై ఆకు ఊడిపోతుంది. వెలిగించకుండా ఒక దమ్ము లాగి చూడండి, ఎండుద్రాక్ష తీపి తగలాలి. గాలి బిగుసుగా వస్తే ఇంకో అర మిల్లీమీటరు తీయండి. బ్యూటేన్ లైటర్ మంటను ఆకుకు తాకించకుండా, కాస్త దూరంలో సిగార్‌ని తిప్పుతూ అంచు అంతా ఎర్రబడేదాకా కాల్చాలి. పెట్రోల్ లైటర్ వాసన మొదటి పది నిమిషాలూ వదలదు.

నిమిషానికి ఒక్క దమ్ము. అంతకంటే వేగంగా లాగితే నిప్పు వేడెక్కి చేదు తారు దిగుతుంది. అప్పుడు లోపలి పొగను మెల్లగా బయటికి ఊది, రెండు నిమిషాలు పక్కన పెట్టండి. ఒకవైపే కాలుతుంటే వెనకబడ్డ వైపును కిందికి తిప్పి పట్టుకుంటే చాలాసార్లు అదే సర్దుకుంటుంది. పొగ నోట్లోనే ఉంచి వదలాలి, కొద్దిగా ముక్కుగుండా పంపితే మిరియం, కోకో విడివిడిగా తెలుస్తాయి. ఊపిరితిత్తుల్లోకి లాగకపోయినా నోటి క్యాన్సర్ ముప్పు పోదు, మద్యం తోడైతే అది ఇంకా పెరుగుతుంది. ఈ సంగతి తెలిసే కాల్చాలి.

ఇక గ్లాసు. మొదటి మూడో వంతులో మిరియం ఘాటు ఎక్కువ, అప్పుడు మంచినీళ్లే. రెండో వంతులో కోకో, వేయించిన కాఫీ గింజ రుచి పైకి వస్తుంది, జోడీ పరీక్షించాల్సింది అక్కడే. గుక్క మింగి, గొంతులో మంట తగ్గాక దమ్ము లాగండి. రెండూ ఒకేసారి కలిపితే ఏదీ తెలియదు.

ఓల్డ్ మాంక్ రమ్ములో ఆల్కహాల్ 42.8 శాతం. 30 మిల్లీలీటర్లకు చెంచాడు నీళ్లు, అంతే. అందులోని వెనీలా, మాడిన చక్కెర వాసన మదురో తీపితో చక్కగా కలుస్తాయి. కోలా పోస్తే ఆ చక్కెర కిందే అన్నీ పోతాయి. అమృత్ ఫ్యూజన్ మంచి విస్కీయే, కానీ 50 శాతం కాబట్టి నీళ్లు లేకుండా తాగితే నాలుక మొద్దుబారుతుంది. 30 మిల్లీలీటర్లకు 5 మిల్లీలీటర్ల నీళ్లు కలిపితే 43 శాతం దగ్గరికి దిగుతుంది. అయినా అందులోని పీట్ (బార్లీని ఆరబెట్టేటప్పుడు కాల్చే బురదమట్టి) పొగ, సిగార్ పొగ ఒకదాన్నొకటి తొక్కేస్తాయి. రెడ్ వైన్ నోరు ఎండగడుతుంది. లాగర్ బీరు పలచన.

డికాక్షన్ మొదటి దిగుడుదే కావాలి, చికోరీ 20 శాతం దాటకూడదు. 60 మిల్లీలీటర్లకు అర చెంచా తాటిబెల్లం. పాలు పోస్తే మీగడ నాలుకకు పట్టి కోకో రుచి మాయమవుతుంది. సిగార్ గంటసేపు సాగుతుంది కాబట్టి డికాక్షన్ చిన్న ఫ్లాస్కులో పోసుకుని రెండు గుక్కల చొప్పున వంచుకోండి. బెల్లం వల్ల ఇంకో లాభం: నికోటిన్ ఎక్కువై చెమటలు, వికారం మొదలైతే తీపి కొంత ఆదుకుంటుంది. రమ్ము తాగుతుంటే ఆ వికారం దేనివల్లో కూడా తెలియదు. ఖాళీ కడుపుతో మాత్రం కూర్చోవద్దు.

సిగార్ చుట్టూ ఉండే కాగితపు పట్టీని, వెలిగించిన వెంటనే పీకితే ఆకు చిరుగుతుంది. నిప్పు దగ్గరయ్యాక జిగురు మెత్తబడి దానంతటదే జారుతుంది. చివరి అంగుళంన్నరలో మట్టి రుచి, చేదు ముదురుతాయి, అక్కడ ఆపేయండి. నలిపి ఆర్పితే గదంతా కంపు కొడుతుంది, బూడిద పళ్లెంలో వదిలేస్తే నాలుగైదు నిమిషాల్లో అదే ఆరిపోతుంది.