డెబొనేర్ అందామా, స్వావ్ అందామా: ఏది మేలు?

ఒకాయన గదిలోకి వస్తాడు. బట్టలు నీటుగా ఉంటాయి, నడకలో తొందర ఉండదు. పెద్ద హోదా ఉన్నవాళ్లతో ఎంత నవ్వుతూ మాట్లాడతాడో, తలుపు తీసినవాడితోనూ అంతే. ఇతణ్ణి ఇంగ్లిష్‌లో ఒక్క మాటలో ఏమనాలి? నిఘంటువు చూస్తే డెబొనేర్, స్వావ్ రెండూ దాదాపు ఒకే అర్థంతో కనిపిస్తాయి. నేనైతే డెబొనేర్ అనే అంటాను.

ఈ మాట పాత ఫ్రెంచ్‌లోని 'ద బోన్ ఎయిర్' నుంచి వచ్చింది. మంచి పుట్టుక, మంచి స్వభావం గలవాడని దాని భావం. 13వ శతాబ్దంలో ఇంగ్లిష్‌లో చేరినప్పుడు సౌమ్యుడు, మర్యాదస్తుడు అనే అర్థమే ఉండేది. 814 నుంచి 840 వరకు ఏలిన ఫ్రాంకుల చక్రవర్తి లూయీకి ఫ్రెంచ్‌వాళ్లు ఇచ్చిన బిరుదు కూడా 'లె డెబొనేర్'. ఆయనకు పేరు తెచ్చింది దైవభక్తి, వేషం కాదు. సొగసు, ధీమా తర్వాత వచ్చి చేరినా ఆ పాత మంచితనం మాటలో ఇంకా మిగిలే ఉంది. మన హుందాతనానికి కాస్త సరసం కలిపితే డెబొనేర్ అవుతుంది. దర్జా అంటే మాత్రం సరిపోదు, అందులో డబ్బు వాసన ఉంది.

స్వావ్ లాటిన్ 'సువావిస్' నుంచి వచ్చింది, అంటే తీయనిది, హాయైనది. మన 'స్వాదు' దానికి చుట్టమే, రెండిటి మూలం ఒకటే. ఎంత అందమైన పుట్టుకో! కానీ ఇప్పటి వాడుకలో ఆ తీపిని పూర్తిగా నమ్మలేం. తియ్యగా మాట్లాడి మోసం చేసేవాణ్ణి కూడా స్వావ్ అనొచ్చు. అతణ్ణే డెబొనేర్ అంటే చెవికి అతకదు. అందుకే ఎవరినైనా మనసారా మెచ్చుకోవాలంటే స్వావ్ విషయంలో జాగ్రత్త. చిక్కు బేరాన్ని ఎవరూ నొచ్చుకోకుండా తేల్చే నేర్పరికి మాత్రం అదే సరైన మాట.

అర్బేన్ అని ఇంకోటి ఉంది. నగరం నుంచి నాగరికుడు పుట్టినట్టే, లాటిన్‌లో నగరమనే అర్థమున్న 'ఉర్బ్స్' నుంచి అది పుట్టింది. చదువు, లోకజ్ఞానం, మాటతీరు చూసి అనేది అది.

డెబొనేర్‌కీ ఒక లోటుంది. కాస్త పాతకాలపు మాట. కేరీ గ్రాంట్ లాంటి పాత హాలీవుడ్ నటుడికి చక్కగా నప్పుతుంది గానీ, ఆఫీసు సిఫార్సు ఉత్తరంలో ఎబ్బెట్టుగా ఉంటుంది. పైగా మగవాళ్లకే ఎక్కువగా వాడతారు. అదే గుణం ఒక మహిళలో కనిపిస్తే పాయిజ్డ్ అనో, గ్రేస్‌ఫుల్ అనో అంటే సహజంగా ఉంటుంది.