అక్షింతల పురుగు ఒకసారి పైరునూ కొరికింది: కాక్సినెల్‌తో మూడేళ్లు

‘మేక్ కాక్సిచెక్’ ఎలా కొట్టాలో లినక్స్ కెర్నెల్‌కు (ఆ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయకు) డ్రైవర్లు, అంటే పరికరాలను నడిపే కోడ్, రాసేవాళ్లకు చెప్పక్కర్లేదు. ఆ కమాండ్ నడిపేది కాక్సినెల్‌ను: రూల్ ఇస్తే సి కోడ్‌లో ఆ తీరు ఎక్కడుందో వెతికి, ఏం మార్చాలో చెప్పే టూల్. ఫ్రాన్స్‌లోని ఇన్రియా అనే పరిశోధన సంస్థలో పెరిగిన ఈ కాక్సినెల్ పేరుకు అర్థం మన అక్షింతల పురుగు. పత్తి చేలో పేనుబంకను తింటుందే, అదే. మాది గుంటూరు పక్కన పత్తి వేసే ఊరు, పేరు వినగానే సగం నచ్చేసింది.

మిగతా సగం మొదటి రోజే నచ్చింది. మా డ్రైవర్లు ఐదారు చేతులు మారినవి. ఎక్కడ చూసినా పాయింటర్ (మెమరీ చిరునామా) నల్, అంటే ఖాళీ, కాదు కదా అని చూసుకుని, ఆ తర్వాతే ఆ మెమరీని వదిలేసే కే-ఫ్రీ. నల్ ఇచ్చినా కే-ఫ్రీ ఏమీ చేయకుండా వచ్చేస్తుందని తెలిసీ భయంకొద్దీ రాసినవి. ఇలాంటి అనవసరపు చెక్‌లను పట్టే ఇఫ్‌నల్‌ఫ్రీ రూల్ నడిపి టీ తాగి వచ్చేసరికి అన్నీ, తీసేయమనే మైనస్ గుర్తులతో, ప్యాచ్‌లో (మార్పుల జాబితాలో) కూర్చున్నాయి. అక్షరాలను మాత్రమే వెతికే గ్రెప్ వల్ల ఇది కాదు. ఒకరు బ్రాకెట్లు పెడతారు, ఒకరు పెట్టరు, ఇంకొకరు ‘నల్‌కి సమానం కాదు’ అని పూర్తిగా రాస్తారు. దీనికి అన్నీ ఒకటే. ఆ వారమంతా ఆఫీసులో దీని భజనే.

ఇప్పుడు అంత గట్టిగా చేయను.

మిర్చి టిక్కీలు (బస్తాలు) కోల్డ్ స్టోరేజీలకు ఎక్కే రోజులు. అక్కడ టెంపరేచర్ చూసే బోర్డులు మావి, వాటిలో కెర్నెల్ 4.19. పాత సోర్సులో రూల్స్ తక్కువని కొత్త కెర్నెల్ నుంచి కొన్ని తెచ్చి నడిపాను. పరికరం ఇంటరప్ట్ (ప్రాసెసర్‌ను పిలిచే సంకేతం) నంబరు తెచ్చే ‘ప్లాట్‌ఫామ్ గెట్ ఐఆర్‌క్యూ’ ఫెయిలయ్యాక మీరు వేసే ఎర్రర్ మెసేజ్ అనవసరం, ఆ ఫంక్షనే వేస్తుంది అంది ఒక రూల్. పదకొండు లైన్లు తీసేశాను. బిల్డ్ అయింది, బల్ల మీది పాత బోర్డు నడిచింది.

కొత్త మోడల్ బోర్డు పెట్టిన రోజు సాయంత్రం ఆపరేటర్ ఫోన్: “సార్, డబ్బా లైటు వెలుగుతోంది గానీ చలి ఎంతో చూపించట్లేదు.” వెళ్లాను. మా డ్రైవర్ మాడ్యూల్ లోడయింది. లాగ్‌లో మాత్రం మా డ్రైవర్ పేరు మీద ఒక్క ముక్క లేదు. కేబుల్ మార్చాను, సెన్సర్ మార్చాను. మిర్చి ఘాటుకు తుమ్ములు వేరే. రాత్రి రెండింటికి 4.19 సోర్సు తెరిస్తే తెలిసింది: ఆ ఫంక్షన్ మెసేజ్ వేయడం మొదలైంది 5.4 నుంచి. పైగా అది తిరిగిచ్చే మైనస్ 6 ఎర్రర్‌ని డ్రైవర్ కోర్ (డ్రైవర్లను పరికరాలకు జతచేసే కెర్నెల్ భాగం) కూడా మామూలు లాగ్‌లో చూపించదు. నోరు విప్పే ఒక్క లైనునీ నేనే పీకేశాను.

అసలు తప్పు కొత్త బోర్డు డివైస్ ట్రీలో (బోర్డు మీద ఏమున్నాయో కెర్నెల్‌కు చెప్పే ఫైలులో) ఇంటరప్ట్స్ లైను లేకపోవడం. సరిచేయడానికి ఐదు నిమిషాలు.

“ఏం పోయింది సార్?” అన్నాడు ఆపరేటర్.

“పోలేదండీ, నేనే తీసేశాను.”

అప్పటి నుంచి ముందు, మార్పులు ఇవ్వకుండా చోట్లు మాత్రమే చూపే రిపోర్ట్ మోడ్‌లోనే నడుపుతున్నాను. రూల్ చదివి, అది చెప్పే ఫంక్షన్‌ను మా సోర్సులో తెరిచి చూశాకే ప్యాచ్. టీ తాగే టైములో అయిపోయే పని పూట పని అయింది. ఇఫ్‌నల్‌ఫ్రీని మాత్రం ఇప్పటికీ కళ్లు మూసుకుని నడుపుతాను. మెయిన్‌లైన్ (అసలు, తాజా) కెర్నెల్ మీద పనిచేసేవాళ్లకు నా గోల అక్కర్లేకపోవచ్చు. వెండర్ ఇచ్చిన పాత కెర్నెల్‌తో కాపురం చేసే నాలాంటివాళ్లు మాత్రం రూల్స్ అరువు తెచ్చుకునేటప్పుడు వెర్షన్ చూసుకోండి.

ఆ పదకొండు లైన్లు మళ్లీ పెట్టాను. వచ్చే ఏడాది 5.4 దాటిన కెర్నెల్ ఇస్తామంటున్నారు. ఇస్తే మళ్లీ తీయాలి.