సొంత పౌరుణ్ని డ్రోన్‌తో చంపడమా, పట్టుకుని కోర్టుకు తేవడమా: ఏది మేలు?

ఉగ్రవాదంలోకి దిగిన సొంత పౌరుణ్ని ప్రభుత్వం విచారణ లేకుండా చంపొచ్చా అన్న మాట వస్తే నాకు ఇద్దరు అమెరికా పౌరులు గుర్తొస్తారు. న్యూ మెక్సికోలో పుట్టి యెమెన్‌లో అల్ ఖైదా గొంతుగా మారిన అన్వర్ అల్ అవ్లాకీ, టెక్సస్‌లో పుట్టి పాకిస్తాన్ వెళ్లి అల్ ఖైదాలో చేరిన ముహనద్ అల్ ఫారెఖ్. అవ్లాకీని 2011 సెప్టెంబర్ 30న డ్రోన్‌తో చంపేశారు. ఫారెఖ్‌ని కూడా చంపాలని సీఐఏ, పెంటగాన్ పట్టుబట్టాయి కానీ న్యాయశాఖ సందేహించింది, ఆ తర్జనభర్జన తేలకముందే 2014లో అతను పాకిస్తాన్‌లో దొరికాడు.

డ్రోన్ వైపు వాదన తేలికైనదేమీ కాదు. 2009 క్రిస్మస్ రోజు డెట్రాయిట్ విమానంలో లోదుస్తుల్లో బాంబు దాచుకుని ఎక్కిన నైజీరియా కుర్రాడు, తనను నడిపించింది అవ్లాకీయేనని ఎఫ్‌బీఐకి చెప్పాడు. ప్రభుత్వం చేతులు అందని చోట దాక్కున్న మనిషిని పట్టుకోవడానికి సైనికుల్ని పంపితే వాళ్ల ప్రాణాలకెవరు పూచీ? నిజమే. కానీ ఆ సాక్ష్యాన్ని అవ్లాకీ తరఫున ఒక్క లాయరూ ప్రశ్నించలేదు, ఆ బాంబు పెట్టుకున్న కుర్రాడికి మాత్రం కోర్టు దొరికింది, యావజ్జీవం పడింది.

ఫారెఖ్ సంగతి చూడండి. అఫ్గానిస్తాన్‌లోని ఖోస్త్‌లో అమెరికా స్థావరం మీదికి 2009లో పంపిన రెండు బాంబు వాహనాల్లో ఒకటి పేలలేదు, అందులోని ప్యాకింగ్ టేపు మీద అతని వేలిముద్రలు దొరికాయి. బ్రూక్లిన్ కోర్టులో ఆ టేపును జ్యూరీ ముందు పెట్టారు, అతని లాయర్లు ఎదురు వాదించారు, 2018లో 45 ఏళ్ల శిక్ష పడింది. చంపక తప్పదని కొందరు అనుకున్న మనిషే ఇతను! అందుకే 'పట్టుకోవడం కుదరదు' అని అధికారులు అంటే నేను వెంటనే నమ్మలేను.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకోటి. అవ్లాకీ చనిపోయిన రెండు వారాలకే మరో డ్రోన్ దాడిలో అతని 16 ఏళ్ల కొడుకు చనిపోయాడు, డెన్వర్‌లో పుట్టిన అమెరికా పౌరుడే. అతన్ని గురిపెట్టలేదని ప్రభుత్వం 2013లో చెప్పింది. గురిపెట్టకపోతే మాత్రం, పోయిన పిల్లాణ్ని ఏ అప్పీలు వెనక్కి తెస్తుంది?

అవ్లాకీని చంపకుండా ఆపమని అతని తండ్రి ముందే కోర్టుకు వెళ్లాడు. విదేశంలో ఉన్న పౌరుడి ఫోన్ వినాలంటే జడ్జి అనుమతి కావాలి, చంపాలంటే అక్కర్లేదా అని జడ్జి బేట్స్ తన తీర్పులోనే అడిగి, 2010 డిసెంబర్‌లో ఆ కేసు కొట్టేశాడు. మన దగ్గర ఆదిలాబాద్ అడవుల్లో మావోయిస్టు నేత ఆజాద్, పాత్రికేయుడు హేమచంద్ర పాండే ఎన్‌కౌంటర్ మీద, గణతంత్రం తన బిడ్డల్ని తానే చంపుకోవడాన్ని ఒప్పుకోలేమని సుప్రీంకోర్టు 2011లో అంది. అది నిజమైన ఎదురుకాల్పులేనని తర్వాత సీబీఐ చెప్పింది, అయినా ఎలా చనిపోయారన్న ప్రశ్న కోర్టు దాకా వెళ్లింది కదా.

బ్రిటన్‌లా ముందు పౌరసత్వం తీసేయడం మూడో దారి అంటారు కొందరు. నాకది బాధ్యత వదిలించుకోవడంలాగే కనిపిస్తుంది.

నా ఓటు ఫారెఖ్ దారికే, ఆలస్యమైనా, ఖర్చయినా. నిజంగా ఎవర్నీ పట్టుకోలేని పరిస్థితే వస్తే, క్షిపణి వదలకముందు సాక్ష్యాలు ఒక జడ్జి చూడాలి, ఆ మనిషి తరఫున ఒక లాయర్ మాట్లాడాలి, మూసిన గదిలోనైనా సరే.