ఉచిత సింక్ టూల్‌కి లైసెన్స్ బిల్లు కట్టాను, మీరు కట్టకండి

మా ఆఫీసు సర్వర్‌లోని యాక్టివ్ డైరెక్టరీలో (ఉద్యోగుల లాగిన్లు ఉండే పట్టిక) ఉన్న యూజర్లను క్లౌడ్‌లోని ఎంట్రా ఐడీకి (మైక్రోసాఫ్ట్ వారి ఆన్‌లైన్ లాగిన్ సర్వీసు) సింక్ చేసే పని, అంటే రెండు చోట్లా ఒకేలా ఉంచే పని, ఈమధ్య ఒక వెండర్‌కి అప్పజెప్పాం. 2023 దాకా అజూర్ ఏడీ అన్నది ఈ ఎంట్రా ఐడీనే. వెండర్ పేరు చెప్పను. మీరూ ఈ పని చేయించుకోబోతుంటే, కొటేషన్ మీద సంతకం పెట్టే ముందు ఇది చదవండి.

కొటేషన్‌లో 'సింక్ సాఫ్ట్‌వేర్ లైసెన్స్' అని ఒక లైను ఉంది. అడక్కుండా కట్టేశాను, తప్పు నాదే. ఈ సింక్ చేసే టూల్ ఎంట్రా కనెక్ట్‌ను మైక్రోసాఫ్ట్ ఉచితంగానే ఇస్తుంది. ఆఫీసు పాస్‌వర్డే క్లౌడ్‌లోనూ పనిచేసేలా చేసే పాస్‌వర్డ్ హ్యాష్ సింక్‌కీ పైసా అక్కర్లేదు. క్లౌడ్‌లో మార్చిన పాస్‌వర్డ్ తిరిగి మన సర్వర్‌లోకి రావాలంటేనే ఎంట్రా ఐడీ పీ1 అనే, డబ్బు కట్టి కొనే లైసెన్స్ కావాలి.

డబ్బు సరే, అసలు టెన్షన్ తర్వాత మొదలైంది. మా డొమైన్ పేరు చివర 'డాట్ లోకల్' ఉంటుంది. అది క్లౌడ్‌లో చెల్లదు. ముందే సరిచేయకుండా సింక్ నడిపేసరికి అందరి లాగిన్ చివరా 'ఆన్‌మైక్రోసాఫ్ట్ డాట్ కామ్' వచ్చి కూర్చుంది. సోమవారం పొద్దున్నుంచి నా ఫోను ఆగలేదు.

అది సర్దుకుని, మెయిల్ కూడా క్లౌడ్‌కి మార్చాక, 'అక్కర్లేని ఓయూలు తీసేస్తా సార్' అంటూ వెండర్ కుర్రాడు సింక్ సెట్టింగుల్లో సేల్స్ ఓయూకి (ఓయూ అంటే యాక్టివ్ డైరెక్టరీలో యూజర్లను విడదీసి పెట్టే ఫోల్డర్ లాంటిది) టిక్కు తీసేశాడు. అలా తీస్తే సింక్ ఆగడంతో సరిపోదు, ఆ యూజర్లు క్లౌడ్‌లో డిలీట్ అయిపోతారు. 64 మందికి మెయిల్ పనిచేయడం ఆగిపోయింది.

'500 దాటితే ఆపే రక్షణ ఉంటుంది కదా సార్' అన్నాడు. ఉంటుంది, ఒకే విడతలో 500 కంటే ఎక్కువ డిలీట్లు వస్తే ఆగుతుంది. మా కంపెనీ మొత్తం కలిపి 180 మందిమి! అందర్నీ ఊడ్చేసినా అది కిక్కురుమనదు. చిన్న కంపెనీలు ఆ అంకెను తగ్గించుకోవాలి. ఆ సంగతి అతనికి తెలీదు.

డిలీటైన యూజర్లు 30 రోజులు అక్కడే ఉంటారు కాబట్టి బతికిపోయాం. టిక్కు మళ్లీ పెడితే వచ్చారు. మామూలుగా సింక్ అరగంటకోసారి నడుస్తుంది. వెంటనే చేత్తో నడపొచ్చని కూడా తెలియక, ఆ అరగంటా సేల్స్ మేనేజర్‌ని నా పక్కన నిలబెట్టాడు మహానుభావుడు.

మీ వెండర్‌ని ముందే అడగండి: సింక్‌కి ముందు యూజర్ల వివరాల్లో తప్పులు పట్టే ఐడీఫిక్స్ టూల్‌తో చూశారా? క్లౌడ్‌లో నిజంగా ఏదీ మార్చని స్టేజింగ్ మోడ్‌లో పెట్టి ఏం మారబోతోందో చూపిస్తారా? నీళ్లు నమిలితే ఇంకొకర్ని చూసుకోండి.

లైసెన్స్ డబ్బు వెనక్కి అడిగితే, 'ఇన్‌స్టలేషన్ చార్జీ అనుకోండి సార్' అన్నారు. ఇన్‌స్టలేషన్‌కి బిల్లులో వేరే లైను ఉంది.