కోనసీమలో మూడు రోజులు: పొయ్యి దగ్గరే రుచి చూశాం

పోయిన ఆగస్టులో అమ్మని తీసుకుని మూడు రోజులు కోనసీమ తిరిగాం. బంధువులు తెచ్చే డబ్బాల్లోనే చిన్నప్పటి నుంచీ పూతరేకులు, కాజాలు తిన్నాను. అవి పొయ్యి మీద నుంచి దిగుతుంటే ఒక్కసారైనా చూడాలని నా కోరిక.

పొద్దున్నే రాజమండ్రిలో రైలు దిగి, మూడు రోజులకీ కారు మాట్లాడుకున్నాం. డ్రైవర్ ఆ ప్రాంతం వాడే కావడం మా అదృష్టం. దారిలో హైవే పక్కన ఒక పూతరేకుల షాపు దగ్గర ఆపమంటే, "ఇక్కడొద్దండి, ఊళ్లోకెళ్దాం" అన్నాడు. ఆకలికి ఆగలేక కొనేశాం. రేకు మెత్తబడి అంగిలికి అంటుకుంది, నెయ్యి బదులు డాల్డా వాసన. ఆయన మాట వినాల్సింది.

ధవళేశ్వరం బ్యారేజీ దాటి బొబ్బర్లంక మీదుగా ఆత్రేయపురం చేరాం. దారి పొడవునా కాలవ, అవతల వరిచేలు. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయ్యాక ఈ డెల్టా వరికి పుట్టిల్లయింది. బియ్యంతో ఇంత పనితనమున్న మిఠాయి ఇక్కడ ఇంటింటి వృత్తి అయిందంటే నాకు ఆశ్చర్యం అనిపించలేదు.

ఊళ్లో ఒక సందులో, పెంకుటింటి వసారాలో ఒకావిడ రేకులు తీస్తున్నారు. బోర్లించిన కుండ, దాని కింద ఎండు కొబ్బరాకుల మంట. జయ బియ్యం నానబెట్టి మెత్తగా రుబ్బి, పాలంత పల్చగా కలిపిన పిండి పక్కనే ఉంది. పల్చటి గుడ్డ రెండు కొసలూ పట్టుకుని పిండిలో ముంచి, కుండ మీద అలా పరిచి లాగేశారు. రెప్పపాటులో కుండ మీద తెల్లటి పొర మిగిలింది. దాన్ని గోటి కొసతో లేపి పక్కన పెట్టారు. అవతలి గోడ రంగు కనపడేంత పల్చగా ఉంది. పూతలా పూస్తే వచ్చే రేకు కాబట్టే ఆ పేరు. మంట ఎక్కువైతే రేకు పెళుసై విరుగుతుందట, తక్కువైతే కుండని వదలదట. అందుకే ఆవిడ కళ్లు మంట మీదే ఉన్నాయి. నేను రేకు ముట్టుకోబోతే, "తడి చెయ్యి పెట్టకండమ్మా, చుట్టుకుపోద్ది" అన్నారు. చుట్టేటప్పుడు మాత్రం తడిగుడ్డతో కాస్త తుడిచి మెత్తబరుస్తారు. తర్వాత నెయ్యి, యాలకుల పొడి కలిపిన పంచదార లేదా బెల్లం పొడి వేసి మడుస్తారు. ఇంటికి తెచ్చుకున్నాక ఫ్రిజ్‌లో పెట్టొద్దని, గాలి చొరని స్టీలు డబ్బాలో ఉంచమని చెప్పారు. 2023లో ఈ పూతరేకులకి జీఐ, అంటే ఈ ఊరి ప్రత్యేకతగా భౌగోళిక గుర్తింపు వచ్చింది. పొగలో కూర్చుని రోజంతా చేసే ఆ చేతులకి అది దక్కాల్సిందే.

మొదటి రాత్రి దిండి వైపు ఏటి ఒడ్డున ఒక రిసార్టులో దిగాం. గది శుభ్రంగా ఉంది, పొద్దున్నే కిటికీలోంచి గోదారి కనిపించింది, పెద్దవాళ్లకి మెట్ల బాధ లేదు. కానీ భోజనం నిరాశపరిచింది. మెనూలో పనీరు కూరలు, నూడుల్స్. గోదారి పులస చేప ఉందంటే ఆశగా చెప్పాం, రేటు కూడా పులస రేటే. అమ్మ ఒక ముక్క తిని, "ఇది సముద్రం చేప" అని పక్కన పెట్టేసింది. అడిగితే సరైన జవాబు రాలేదు.

రెండో రోజు పొద్దున్న అంబాజీపేటలో పొట్టిక్కలు తిన్నాం. పనసాకుల్ని ఈనెపుల్లలతో బుట్టల్లా కుట్టి, ఇడ్లీపిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. బుట్ట లోతుగా ఉంటుంది కాబట్టి ఇడ్లీ కంటే ఎక్కువసేపు ఉంచాలి. దించిన వెంటనే విప్పకుండా కాస్త ఆగితే ఆకు వాసన లోపలికంటా దిగుతుంది. కొబ్బరిచట్నీతో నాలుగు తిన్నాను.

ఆ రాత్రి బస కొబ్బరితోటలో ఒక ఇంట్లో. కరెంటు రెండుసార్లు పోయింది, దోమలు బాగానే ఉన్నాయి, బాత్రూం బయట. అయినా మళ్లీ వెళ్తే అక్కడికే వెళ్తాను. ముందురోజే ఫోన్‌లో చెప్పాం కాబట్టి, మేం వెళ్లేసరికి పొయ్యి మీద మట్టిదాకలో పులస పులుసు ఉడుకుతోంది. బెండకాయలు, పచ్చిమిర్చి, చింతపండు పులుసు, సన్నటి సెగ. గరిట అసలు పెట్టలేదు. దాకని రెండువైపులా గుడ్డతో పట్టుకుని తిప్పారు, ముక్క చెదరకూడదని. చివర్లో ఆవకాయ నూనె. అయితే ఆ రాత్రి మాకు పెట్టలేదు! "రేపు తినాలండి, ఇప్పుడు తింటే ఏముంది" అని పనసపొట్టు ఆవకూర, పప్పు వడ్డించారు.

వరదల కాలంలో సముద్రంలోంచి గుడ్లు పెట్టడానికి గోదాట్లోకి ఎదురీదుతుంది ఈ చేప. సముద్రంలో ఉంటే విలస, ఏటి నీళ్లలోకొస్తే పులస. "సముద్రంలో తెల్లగా మెరుస్తుందండి, ఎర్రనీళ్లలో ఈదాక రంగు తిరుగుద్ది" అన్నారు ఆ ఇంటావిడ. పుస్తెలమ్మి అయినా పులస తినాలన్న సామెత ఊరికే రాలేదని మర్నాడు పొద్దున్న వేడన్నంలో కలుపుకున్నప్పుడు తెలిసింది. పులుసు చిక్కబడి, చేప కొవ్వు పైకి తేలి, ముక్కలోకి పులుపు పూర్తిగా ఎక్కింది. ముళ్లు చాలా ఎక్కువ, పిల్లలకి దగ్గరుండి తినిపించాలి.

తిరుగుదారిలో మండపేట దగ్గర తాపేశ్వరం ఆగాం. పోలిశెట్టి సత్తిరాజు గారి పేరు ఈ మడతకాజాతోనే ముడిపడి ఉంది. కాకినాడది గొట్టం కాజా, కొరికితే లోపలి నుంచి పాకం జారుతుంది. ఇక్కడిది పొరలు పొరలుగా ఉంటుంది. నూనె బాగా కాగితే పైన ఎర్రబడి పొరలు విచ్చుకోవని, సన్నసెగ మీదే వేయించాలని కొట్టులో కుర్రాడు చెప్పాడు. పాకంలోంచి అప్పుడే తీసిన కాజా ఆకులో పెట్టిచ్చాడు. షుగర్ ఉందని మిఠాయి ముట్టని అమ్మ, సగం విరిచి తిని, మిగతా సగం కూడా అడిగింది.

రైలెక్కే ముందు తోటలో ఆవిడకి ఫోన్ చేశాం, వచ్చే శ్రావణంలో చేప దొరికితే ముందు మాకే కబురు పెట్టమని.