పౌడర్ రోజుల కోసం మార్చుకున్న జీవితం: పలు చలికాలాల తరువాత ఒక సమీక్ష

కొత్తగా కురిసి, ఇంకా ఎవరి గీతలూ పడని పొడి మంచులో (స్కీయర్లు దీన్నే పౌడర్ అంటారు) స్కీయింగ్ చేయడం కోసం నేను ఉద్యోగాన్ని, ఇంటిని, నిద్రవేళలను, ఖర్చులను మార్చుకుని పలు చలికాలాలు గడిచాయి. ఆ ఏర్పాటు ఎంతవరకు పనిచేసిందో, దానికోసం ఏమేమి వదులుకోవలసి వచ్చిందో, ఇదే ఆలోచనలో ఉన్నవారికి పనికివస్తుందన్న ఉద్దేశంతో రాస్తున్నాను. నా తీర్పు ముందే చెబుతాను: ఇందులో డబ్బు పెట్టి కొనగలిగినవన్నీ రెండో వరుసలోనివే; మొదటి వరుసలో ఉన్నది పనిదినాల ఉదయం పూట తీరిక. అది చేతిలో లేనివారికి ఎంత మంచి స్కీలున్నా, కొండ పైకి చేర్చే లిఫ్టులకు ఎన్ని కొండల మీద చెల్లే పాస్ ఉన్నా, పౌడర్ దొరకడం అదృష్టం మీదే ఆధారపడుతుంది.

పౌడర్‌కు ఆయుష్షు చాలా తక్కువ కావడమే ఇందుకు కారణం. చలి బాగా ఉన్నప్పుడు కురిసిన మంచులో నీటి పాలు పదో వంతు కన్నా తక్కువగా ఉండి, రేణువుల మధ్య గాలే ఎక్కువగా ఉంటుంది. స్కీ దానిలో తేలుతూ సాగడానికి ఆ తేలికదనమే ఆధారం. గాలి బలంగా వీస్తే అదే మంచు నలిగి పలకలా గట్టిపడుతుంది, ఎండ తగిలే వాలుల మీద మధ్యాహ్నానికి తడిసి మర్నాటికి పైన పెంకు కడుతుంది. ప్రకృతి దయతలచినా మనుషులు తలచరు: పేరున్న రిసార్టులో లిఫ్టు తెరిచిన రెండు మూడు గంటల్లోనే కనిపించే వాలులన్నీ గీతలతో నిండిపోతాయి. మంచు తుపాను వారం చూసుకుని రాదు కనుక, శని, ఆదివారాలకే పరిమితమైనవారు వచ్చిన తుపానుల్లో ఎక్కువ భాగాన్ని ఫోటోల్లోనే చూస్తారు. మిగిలిన కొద్దిపాటి రోజుల్లోనూ జనమంతా ఒకేసారి కొండెక్కుతారు.

నేను చేసేది చిన్న సంస్థలకు జమాఖర్చుల లెక్కలు రాసే పని. మొదట్లో ఒక కార్యాలయంలో అదే పనిని ఉదయం నుంచి సాయంత్రం దాకా చేసేవాణ్ని, పై పదవికి వెళ్లే వరుసలో కూడా ఉన్నాను. దాన్ని వదిలి, గంటల లెక్కన చెల్లించే ఒప్పందాల మీద పనిచేయడం మొదలుపెట్టాక ఆదాయం బాగా తగ్గింది, జీతంతో కూడిన సెలవులు పోయాయి, నాతో పాటు చేరినవారు నాకన్నా రెండు మెట్లు పైకి వెళ్లారు. దానికి బదులుగా దొరికింది ఒకటే: రాత్రి పదింటికి రాసినా, తెల్లవారుజామున రాసినా లెక్క లెక్కే. ఉదయం పూట ఫోనుకు అందుబాటులో ఉండనని, ఏ ప్రశ్నకైనా సాయంత్రంలోగా జవాబు ఇస్తానని ఒప్పందంలోనే రాయించుకోవడం ఈ మొత్తం ఏర్పాటుకు ఆయువుపట్టు. ఉద్యోగం యథాతథంగా ఉంచుకుని, తుపాను వచ్చినప్పుడల్లా ఒంట్లో బాగాలేదని కబురు పెట్టే పద్ధతి కూడా చాలామందిలో ఉంది; మంచు కురిసిన రోజే జ్వరం వచ్చే మనిషి మీద పై అధికారికి అనుమానం రావడానికి ఒక్క చలికాలం చాలు.

కొండ మీదే ఉద్యోగం చేస్తే సరిపోతుంది కదా అనిపించవచ్చు. లిఫ్టు దగ్గర పనిచేసేవారికి పాస్ ఉచితంగానే వస్తుంది, అయితే మంచి పౌడర్ పడిన రోజున వారు ఇతరులను కుర్చీల్లో ఎక్కిస్తూ నిలబడాలి. కొండ మీద భద్రత చూసే స్కీ పెట్రోల్ దళంలో ఉన్నవారు అందరికన్నా ముందు కొత్త మంచులో దిగుతారు, కానీ చీకటితో లేచి పేలుడు పదార్థాలతో మంచు చరియలను ముందుగానే పడగొట్టే బాధ్యత వారిది, చేసే పనికి తగిన జీతం రాదని వారిలోనే చాలామంది అంటారు. నేను గమనించినంతలో సాయంత్రం మొదలయ్యే హోటల్ పనులు చేసేవారే అందరికన్నా ఎక్కువ పౌడర్ చూస్తారు.

ఇల్లు ఎక్కడ ఉండాలన్నది రెండో పెద్ద నిర్ణయం. ఆరంభంలో నేను కాలికి బలపం కట్టుకున్నట్టు తుపాను ఎటు పోతే అటు తిరిగేవాణ్ని. వాతావరణ సూచన మూడు నాలుగు రోజుల ముందు వరకు స్థిరంగా ఉండదు. అది స్థిరపడేసరికి విమానం టికెట్టు ఖరీదవుతుంది, గదులు దొరకవు, చివరి గంటలో గాలి దిశ మారితే మంచు పక్క లోయకు వెళ్లిపోతుంది. ముందుగా తేదీలు నిర్ణయించుకుని వెళ్లక తప్పనివారికి జపాన్‌లోని హొక్కైడో మేలైన ఎంపిక, ఎందుకంటే సైబీరియా నుంచి వచ్చే చలిగాలులు సాపేక్షంగా వెచ్చని జపాన్ సముద్రం మీదుగా ప్రయాణిస్తూ తేమను మోసుకొచ్చి, జనవరిలో దాదాపు ఎడతెరిపి లేకుండా కొద్దికొద్దిగా కురిపిస్తూనే ఉంటాయి. కాశ్మీర్‌లోని గుల్మార్గ్ పద్ధతి వేరు: పశ్చిమం నుంచి వచ్చే వాతావరణ అలజడులు ఒక్కోసారి ఒక్కుమ్మడిగా కురిపించి వెళతాయి, ఆ తరువాత ఎంతకాలమైనా ఆకాశం తేటగానే ఉండవచ్చు, పైగా అఫర్వత్ కొండ మీదికి వెళ్లే గొండోలా (కేబుల్ కారు) రెండో దశను భద్రత చూసుకున్నాకే తెరుస్తారు. అక్కడ ఎదురుచూడగలిగినవారికే ఫలితం.

ఈ తిరుగుళ్లన్నీ అయ్యాక ఒకే కొండ కింద ఒక చిన్న గది అద్దెకు తీసుకున్నాను. గదిలో స్కీ బూట్లు ఆరబెట్టే చోటు మినహాయిస్తే ఇద్దరు కూర్చోవడానికి కూడా చోటు చాలదు. స్కీ ఊళ్లలో అద్దెల తీరు తెలిసినవారికి ఇది ఆశ్చర్యం కలిగించదు. అయినా ఈ గదిని నేను ఏ పాస్ కన్నా, ఏ ప్రయాణం కన్నా ఎక్కువ విలువైనదిగా లెక్కిస్తాను. దగ్గరగా ఉండటం అంటే మ్యాపు మీద దూరం తక్కువగా ఉండటం ఒక్కటే కాదని కూడా గుర్తుంచుకోవాలి. అమెరికాలోని యూటాలో ఆల్టా రిసార్టుకు 2022–23 చలికాలంలో 903 అంగుళాల మంచు, అంటే దాదాపు 23 మీటర్లు కురిసింది. అయితే అక్కడికి వెళ్లే లిటిల్ కాటన్‌వుడ్ లోయ రోడ్డు మంచు చరియల ప్రమాదం వల్ల పదేపదే మూతపడటంతో, కింద నగరంలో ఉన్నవారికి ఆ రికార్డు మంచులో చాలా భాగం అందలేదు. పైన ఉన్నవారికీ పూర్తి స్వేచ్ఛ ఉండదు: ప్రమాదం తీవ్రంగా ఉన్నప్పుడు ఎవరూ భవనాల నుంచి బయటికి రాకూడదన్న ఆంక్ష అక్కడ అమలవుతుంది, 2021 ఫిబ్రవరిలో అది ఏకబిగిన 60 గంటలు కొనసాగింది. మూతపడే రోడ్డుకు ఏ వైపున ఉంటామో చూసుకోకుండా ఇల్లు తీసుకోవద్దు.

తుపాను రాత్రి తరువాత ఉదయం నిర్ణయం తీసుకోవడం ఒక విద్య. మేం వెళ్లే రిసార్టు కొండ మధ్యలో ఒక తెల్లటి పలక పెట్టి, దానిలో సెంటీమీటర్ల గుర్తులున్న కర్ర పాతి, ఎదురుగా కెమెరా అమర్చింది. సాయంత్రం పలకను తుడిచేస్తారు కనుక ఉదయం కనిపించేదంతా రాత్రి కురిసిందే. ఐదు గంటలకు లేచి చూసేటప్పుడు నేను ఆ లోతు ఒక్కటే చూడను: శిఖరం దగ్గర గాలివేగం ఎంత, రాత్రంతా ఉష్ణోగ్రత ఎటు నడిచింది అన్నవి కూడా చూస్తాను. తుపాను వెచ్చగా మొదలై చలితో ముగిస్తే కింద బరువైన మంచు, పైన తేలికది చేరి స్కీకి హాయిగా ఉంటుంది. చలితో మొదలై వెచ్చబడితే తేలిక పొర మీద బరువు కూర్చుంటుంది, అది కాలికీ కష్టమే, చరియలకూ అనుకూలమే. కెమెరాలో 30 సెంటీమీటర్లు చూపించినా గాలి విపరీతంగా ఉందంటే పై లిఫ్టులు తెరవరు కాబట్టి చెట్ల మధ్య సాగే కింది వాలుల కోసం సిద్ధపడతాను, లేదా లెక్కలు ముందేసుకుని కూర్చుంటాను. 10 సెంటీమీటర్లే కురిసినా రాత్రి గాలి లేక ప్రశాంతంగా ఉంటే తప్పకుండా వెళతాను.

పాస్ గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. 2008లో ఎపిక్ పాస్, 2018లో ఐకాన్ పాస్ వచ్చాక ఒకే చెల్లింపుతో అనేక రిసార్టులకు వెళ్లే వీలు కలిగింది, రోజువారీ టికెట్లతో పోల్చితే చవక కూడా. అయితే సీజన్‌కు ముందే, ఎంత మంచు కురుస్తుందో తెలియకుండా కొనాలి, చవక రకాల్లో రద్దీ రోజులకు అనుమతి ఉండదు, పైగా మన చేతిలో ఉన్న పాసే మిగతావారి చేతుల్లోనూ ఉంటుంది. నేను ఇప్పుడు ఒక్క కొండ పాస్‌తోనే సరిపెట్టుకుంటున్నాను. స్కీల విషయానికి వస్తే, నడుము, అంటే స్కీ మధ్యభాగం, వెడల్పు 110 మిల్లీమీటర్ల పైచిలుకు ఉండి ముందుభాగం పైకి లేచిన జత ఒకటి ఉంటే చాలు. ప్రతి ఏడాది వచ్చే కొత్త నమూనాల వల్ల నాకు అదనంగా ఒక్క పౌడర్ రోజు కూడా దక్కలేదు.

ఈ జీవితపు అసలు ఖర్చు మాట ఇవ్వలేకపోవడం. డిసెంబరు నుంచి మార్చి దాకా ఎవరు ఏ తేదీకి పిలిచినా నేను నీళ్లు నములుతాను. దగ్గరివారి శుభకార్యాలకు మధ్యాహ్నం దాటాక చేరడం, ముందు అనుకున్న భోజనానికి తుపాను సాకు చెప్పడం, చివరికి పిలుపులే తగ్గిపోవడం, ఇదంతా ఒక్కసారిగా కాక కొద్దికొద్దిగా జరుగుతుంది. మా అక్క ఒకసారి, "నీ దగ్గర తేదీ అడగడం మానేశాం రా, వస్తే వస్తావు," అంది; కోపంగా అని ఉంటే నాకు ఇంత గుర్తుండేది కాదు. ఆ తరువాత నేను ఒక నియమం పెట్టుకున్నాను: చలికాలం మొదట్లోనే కొన్ని తేదీలు ఇంటివారికి రాసి ఇస్తాను, ఆ రోజుల్లో ఎంత మంచు కురిసినా కొండ వైపు వెళ్లను. ఆ తేదీల్లో ఒకసారి సీజన్‌లోకెల్లా పెద్ద తుపాను పడింది, నేను వెళ్లలేదు. రోజంతా కెమెరా చూడకుండా ఉండగలిగానని మాత్రం చెప్పలేను. జీవిత భాగస్వామి కూడా స్కీయింగ్ చేసేవారైతే సమస్య తీరుతుందనుకోవడం సగమే నిజం, ఇద్దరూ ఒకే ఉదయం బయటికి వెళితే పిల్లల బాధ్యత ఎవరిదన్న ప్రశ్న అలాగే ఉంటుంది. మాకు తెలిసిన ఒక జంట వంతులు వేసుకున్నారు, ఒక తుపాను ఒకరిది, తరువాతిది మరొకరిది. ఆ వంతుల మీద జరిగినంత వాదన డబ్బు మీద కూడా జరగదట.

గీతలు పడని మంచు కోసం రిసార్టు హద్దు దాటేవారికి మరొక విషయం ఉంది. పౌడర్ ఎప్పుడు బాగుంటుందో చరియల ముప్పు కూడా అప్పుడే ఎక్కువ: తుపాను కురుస్తున్నప్పుడు, ఆ తరువాతి ఒకటి రెండు రోజులు, 30 నుంచి 45 డిగ్రీల వాలుల మీద. చరియల ప్రమాద సూచికలో ఐదు స్థాయిలున్నా ప్రాణనష్టం అత్యధికంగా జరిగేది మూడో స్థాయి రోజుల్లో, ఎందుకంటే నాలుగు, ఐదు చూసి ఆగేవారు మూడు చూసి ఆగరు. బీకన్ (పూడుకుపోయినవారి జాడ చెప్పే రేడియో పరికరం), ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కర్ర), పార ఎప్పుడూ వెంట ఉంటాయి, కానీ మంచు కింద పూడుకుపోయిన మనిషి బతికే అవకాశం మొదటి పది, పదిహేను నిమిషాల తరువాత వేగంగా పడిపోతుంది కాబట్టి వాటిని వాడటం తెలిసిన తోడు లేకుండా అవి బరువు మాత్రమే. పౌడర్ రోజున స్నేహితులుండరన్న మాట స్కీయర్లలో సరదాగా చెల్లుతుంది. నాకు అది నచ్చదు. రిసార్టు లోపల కూడా లోతైన మంచులో చెట్టు మొదలు చుట్టూ ఏర్పడే గుంతలో తలకిందులుగా పడినవారు తమంతట తాము బయటపడటం చాలా కష్టం. నేను ఇప్పుడు ఒకే మనిషితో, మాటకు మాట అందే దూరంలో దిగుతాను, అతనికి కుదరని రోజు హద్దు దాటను. దీనివల్ల కొన్ని మంచి రోజులు పోతాయి, పోనివ్వండి.

మోకాళ్లు, నిద్ర కూడా ఖాతాలో రాయవలసినవే. రాత్రి ఒంటిగంట దాకా లెక్కలు రాసి ఐదింటికి లేవడం వరుసగా మూడు రోజులు సాగితే మూడో రోజు మధ్యాహ్నానికి కాళ్లు మాట వినవు, దెబ్బలు తగిలేది అప్పుడే. అందుకని మూడో రోజు పదకొండింటికే దిగివస్తున్నాను.

ఇక మంచే రాని చలికాలం మాటేమిటి? 2024 జనవరిలో గుల్మార్గ్ వాలులు నెలాఖరు దాకా దాదాపు బోసిగా ఉండిపోయాయి, 2025లో అక్కడ జరగవలసిన ఖేలో ఇండియా శీతాకాల క్రీడలు మంచు లేక వాయిదా పడ్డాయి. ఇలాంటి ఏడాది ఎక్కడైనా రావచ్చు, అప్పుడు తగ్గిన జీతం, ఇరుకు గది, వదులుకున్న పదవి అలాగే ఉంటాయి, బదులుగా వచ్చేది ఉండదు. మా కొండకు అటువంటి ఏడాది వచ్చినప్పుడు నేను ఖాళీ ఉదయాల్లో అదనపు ఖాతాలు తీసుకుని, తరువాతి చలికాలానికి అద్దె ముందుగానే కూడబెట్టాను. అయితే అలా తీసుకున్న కొత్త ఖాతాదారుల్లో ఇద్దరు ఉదయం పూట ఫోను ఎత్తాలని పట్టుబట్టారు, వారిని సెప్టెంబరులో వదులుకున్నాను.